పెళ్లి ఫోటో అద్దం

ఒకే మనిషికి భూమి వయసు రెండు రకాలుగా ఎలా ఉంటుందన్న సందేహం ఆమెకి పెళ్లైన కొత్తలో పట్టుకుంది. ఆ తర్వాత కూతురు పుట్టింది, పెరిగింది, చదువు ముగించి పిల్లలకి చదువు చెప్పేంతదయింది. సందేహం మాత్రం పట్టిన పట్టు వదల్లేదు.

ఆమె భర్త రాళ్ల శాస్త్రం చదివినవాడు. రోడ్లకీ గనులకీ నేల చూసిపెట్టే ఆఫీసులో ఉద్యోగం. ఊళ్లో అందరూ 'రాళ్లాయన' అనేవారు. ఆఫీసులో ఆయన గీసే పటాల్లో ఆకుపచ్చ పూసిన చోట ఇన్ని కోట్ల ఏళ్లని, గులాబి పూసిన చోట అన్ని కోట్ల ఏళ్లని రాసి కింద సంతకం పెట్టేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, ప్రార్థన చేసుకుని, అదే పెన్నుతో భూమి పుట్టి కొన్ని వేల ఏళ్లేనని రాసేవాడు. రెండు చోట్లా చేతిరాత ఒకటే. రెండు చోట్లా అక్షరం వంకర పోయేది కాదు.

ఆమె సందేహం దేవుడి మీద కాదు. ఆయన ఈ లోకాన్ని ఎన్నాళ్లలో చేశాడన్నదీ ఆమెకి పెద్ద పట్టింపు కాదు. చేసినవాడు చేశాడు, ఉండేవాళ్లం ఉంటున్నాం అనుకునేది. సందేహమల్లా భర్త మీదే. ఆఫీసు సంతకం అబద్ధమా, ఇంటి రాత అబద్ధమా? రెండూ నిజమైతే ఈ మనిషి లోపల ఆ రెండూ కొట్టుకోకుండా ఎలా కాపురం చేస్తున్నాయి? అడగాలని నోటిదాకా వచ్చేది. రాసుకుంటున్నప్పుడు ఆయన ముఖంలో ఉండే ప్రశాంతత చూసి మింగేసేది.

ఆ రాతలన్నీ 'మొదటి వారం' అని పుస్తకంగా వచ్చాయి. సృష్టి జరిగిన రోజులు, రోజుకొక అధ్యాయం. శాస్త్రం చదివినవాడే రాశాడు కదా అని మందిరానికి వచ్చేవాళ్లంతా దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. మూడో రోజు అధ్యాయంలో ఊరి వెనక కొండ గురించి ఒక మాట ఉంది: 'ఆ రోజున నిలిపినది మళ్లీ కదలలేదు.' కొత్త మందిరం కట్టినప్పుడు ఆ వాక్యాన్ని వెనక గోడ మీద నీలి రంగుతో రాయించారు. ఆ గోడ అవతల పిల్లల గది. గది అవతల కొండ.

ఆ స్థలం చవగ్గా వచ్చింది. ఎందుకు చవకో ఎవరూ అడగలేదు. కట్టే ముందు నేల పరీక్ష చేయించిన కాగితం కావాలని పట్టణ కార్యాలయం వాళ్లు అడిగితే, మందిరం పెద్దాయన కాగితం బదులు పుస్తకం పట్టుకెళ్లాడు. అట్ట మీద రాళ్లాయన పేరు, పక్కన డిగ్రీలు, లోపల కొండ కదలదన్న మాట. అక్కడి గుమస్తా కూడా ఆ మందిరం మనిషే. ముద్ర కొట్టేశాడు. ఈ సంగతి పెద్దాయన ఇంటికొచ్చి నవ్వుతూ చెప్తే రాళ్లాయన కూడా నవ్వాడు. కాకపోతే కాస్త ఆలస్యంగా నవ్వాడు. ఆ ఆలస్యాన్ని ఆమె చూసింది. చూసి ఊరుకుంది.

మందిరం గోడలు లేపింది ఆమె తమ్ముడే. మేస్త్రి. ఒక మధ్యాహ్నం అతను అక్క ఇంటికి భోజనానికి వచ్చాడు. మందిరం వెనక గదిలో చిన్నపిల్లలకి చదువు చెప్పే మేనకోడలు అప్పుడే వచ్చి సంచి కింద పెట్టింది.

"మావయ్యా, ఆ గది తలుపు మళ్లీ పట్టేసింది. ఇవాళ పిల్లలంతా కలిసి లాగితే గానీ రాలేదు."

"మొన్ననే కదే చిత్రిక పట్టించాను! కర్రంటే అంతేనమ్మా. వానకి ఉబ్బుతుంది. వద్దన్నా పెరుగుతుంది, నీ మావయ్య పొట్టలాగే."

"వాన ఎక్కడ పడింది మావయ్యా?"

మేస్త్రి ముద్ద నోట్లో పెట్టుకోబోతూ కిటికీలోంచి ఆకాశం వైపు చూశాడు. నిజమే. ఎండలు మండిపోతున్నాయి. వాన చుక్క పడి ఎన్నాళ్లయిందో.

"ఎటు పట్టేసింది?" అన్నాడు రాళ్లాయన కంచంలోంచి తలెత్తకుండా. "పైనా, కిందా?"

"పైన నాన్నా. గొళ్లెం వైపు మూల."

"బావా, తలుపుకి జాతకం కూడా రాస్తావేంటి?" అని మేస్త్రి నవ్వాడు. రాళ్లాయన నవ్వలేదు. ఇక తినలేదు కూడా. కూతురు మాట మార్చడానికి సంచిలోంచి బూడిదరంగు పలక రాయొకటి తీసి ఆయన ముందు పెట్టింది.

"సరే, తలుపు సంగతి వదిలెయ్యండి. నా బాకీ ఎప్పుడు తీరుస్తారు?"

ఆ రాయి సంగతి ఇంట్లో అందరికీ తెలిసిందే. దాని మీద ఆకు అచ్చు ఉంది, ఈనెలతో సహా. చిన్నప్పుడు కొండ దగ్గర దొరికితే పరిగెత్తుకొచ్చి "నాన్నా, దీని వయసెంత?" అని అడిగింది. కనపడ్డ ప్రతి రాయి గురించీ గంటలకొద్దీ చెప్పే మనిషి ఆ రాయిని తిప్పి తిప్పి చూసి, "రేపు చెప్తానమ్మా" అన్నాడు. ఆ రేపు రాలేదు. పిల్ల పెద్దదయ్యాక అది వేళాకోళంగా మారింది. బడి కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద ఆ రాయే పెట్టుకునేది. పిల్లలు కూడా దాన్ని 'బాకీ రాయి' అనేవాళ్లు.

"రేపు చెప్తాలేమ్మా," అన్నాడు రాళ్లాయన ఎప్పటిలాగే. చెయ్యి కడుక్కుని, చొక్కా వేసుకుని, ఆ ఎండలోనే బయటికి వెళ్లిపోయాడు.

ఆ వారం మందిరం ఊడ్చే వంతు ఆమెది. చీపురు పట్టుకుని వెనక వైపుకి వెళ్లేసరికి కాలువ పక్కన భర్త గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆమెని చూడలేదు. కొండలోంచి ఊరే నీళ్లు ఆ కాలువలో ఎప్పుడూ అద్దంలా పారేవి. ఇప్పుడు మజ్జిగలా తెల్లగా ఉన్నాయి. ఆయన కాలువ అడుగునుంచి చిటికెడు మట్టి తీసి పంటి కింద పెట్టుకున్నాడు.

అది ఆయన పనిలో అలవాటే. గరగరలాడితే ఇసుక కలిసిన ఒండు, వెన్నలా జారిపోతే బంకమట్టి. తడి తగిలితే కొండనైనా జార్చేది ఆ వెన్నేనని ఒకసారి ఆమెకి చెప్పాడు కూడా. ఇంట్లో కూరకి వంక పెట్టినప్పుడల్లా, "మన్నైతే మారు మాట్లాడకుండా తింటారు" అని ఆమె దెప్పేది. పంటితో చూశాక తుపుక్కున ఉమ్మేయడం ఆయన పద్ధతి. ఆవేళ ఉమ్మలేదు. చాలాసేపు అలాగే కూర్చుని, మింగేశాడు.

ఆమె ఆయన్ని పిలవలేదు. తలెత్తితే కరెంటు తీగ కనిపించింది. కొండ మీద స్తంభానికీ మందిరం వెనక స్తంభానికీ మధ్య అది ఎప్పుడూ ఊయలలా వేలాడేది, పిచ్చుకలు వరసగా కూర్చునేవి. ఇప్పుడు బట్టలారేసే తాడు లాగి కట్టినట్టు బిగుసుకుని ఉంది. పిచ్చుకలు లేవు.

మర్నాడు ఇల్లు దులుపుతూ గోడ మీది పెళ్లి ఫోటో తుడిచింది. గుడ్డ ఎప్పటిలా నున్నగా జారలేదు. వేలితో తాకితే వేలు సరాసరి ఫోటోలోని తన బుగ్గ మీద పడింది. అద్దం లేదు. పగిలితే కింద ముక్కలుండాలి, లేవు. ఫ్రేము వెనక మేకులు తీసి మళ్లీ పొందికగా వంచి ఉన్నాయి. ఆ ఇంట్లో అంత నేర్పున్న చెయ్యి ఒక్కటే.

కాసేపు ఏమీ తోచలేదు. తర్వాత వంటింటి గోడ గుర్తొచ్చింది. చాలా కాలం కింద ఆ గోడకి పగులొస్తే ఆయన గాజుముక్కని సన్నటి పట్టీలా కోసి, పగులుకి అడ్డంగా పెట్టి రెండు చివరలా సిమెంటు ముద్దతో అతికించాడు. "గోడ కదిలితే గాజు సాగదు, పగులుతుంది. పగల్లేదంటే నిశ్చింతగా పడుకోవచ్చు," అన్నాడు. ఆ పట్టీ ఇప్పటికీ అక్కడే ఉంది, పొగచూరి, చెక్కుచెదరకుండా.

దులుపుతున్న గుడ్డ అక్కడే పడేసి ఆమె మందిరానికి వెళ్లింది. పిల్లలు ముందు ఆవరణలో ఆడుకుంటున్నారు.

"ఏంటమ్మా, ఇలా వచ్చావు?" అంది కూతురు.

"ఊరికే. ఈ నల్లబల్ల ఓసారి పట్టు, పక్కకి జరుపుదాం."

బల్ల వెనక గోడ నెర్రె విచ్చి ఉంది. పెన్సిలు దూరేంత వెడల్పు. దానికి అటూ ఇటూ సిమెంటు ముద్దలు, కిందినుంచి పైకి, నిచ్చెన మెట్లలా. ప్రతి జత ముద్దల మధ్యా గాజు పట్టీ. ప్రతి పట్టీ నడిమికి విరిగి ఉంది.

"నాన్న పనే అయ్యుంటుంది," అంది కూతురు తేలిగ్గా. "పిల్లలు వెళ్లాక బల్లలు సర్దుతానని రోజూ వస్తున్నారు. నువ్వెందుకలా అయిపోయావమ్మా? చూస్తున్నది నాన్నే కదా. ప్రమాదమైతే చెప్పరా?"



సాయంత్రం ఆయన చెప్పులు విప్పుతుండగానే అడిగింది.

"ఫోటోకి అద్దం ఏదండీ?"

"కొత్తది వేయిస్తాను."

"పాతది ఏమైందని అడిగాను."

"అయిపోయింది."

"అయిపోవడానికి అదేమన్నా నూనె సీసానా?"

ఆయన గడప మీదే కూలబడ్డాడు. ఒక చెప్పు కాలికే ఉంది. "నేను చెప్పేది విని నవ్వకు," అన్నాడు. "మొదటి పట్టీ అతికించినప్పుడు దేవుడితో ఒక మాట అనుకున్నాను. ఇది నిలిస్తే నేను రాసింది నిజం."

"నిలవలేదుగా."

"సిమెంటు సరిగ్గా పట్టలేదేమో అనుకున్నాను. ఇంకోటి పెట్టాను."

"అదీ విరిగింది."

"పిల్లలు బంతి కొట్టారేమో అనుకున్నాను." తల దించుకున్నాడు. "ప్రతిసారీ ఇంకొక్కసారి అడుగుదామనుకున్నాను. అద్దంలో ఒక్క పట్టీ మిగిలేదాకా."

ఆమెకి నవ్వు రాలేదు. ఎదురుగా నేల మీద కూర్చుంది. "దేవుడు మొదటి పట్టీ దగ్గరే చెప్పేశాడు కదండీ. మీరు అడగడం మానలేదు. ఆయన చెప్పడం మానలేదు. మధ్యలో ఆ గదిలో కూర్చున్నది పిల్లలు. మన పిల్ల."

ఇక ఆగలేక ఆమె ఇన్నేళ్ల సందేహాన్నీ బయటికి తీసింది. "ఆఫీసులో కోట్లని సంతకం పెట్టింది మీరేనా? ఇంట్లో వేలని రాసింది మీరేనా? ఇందులో ఎవరితో నేను కాపురం చేస్తున్నాను?"

"ఆఫీసులో కళ్లతో చూసింది రాశాను," అన్నాడు ఆయన. "ఇంట్లో చూడాలనుకున్నది రాశాను. ఆ కొండని ఉద్యోగంలో చేరిన కొత్తలోనే తవ్వించి చూశాను. అడుగున బంకమట్టి, దానిలో పడిపోయిన చెట్లు. వాటి మీద మళ్లీ నేల, మళ్లీ వేళ్లు, ఒక అడవి పెరిగినంత. దాని మీద మళ్లీ బంకమట్టి, మళ్లీ పడిపోయిన చెట్లు. కొండ జారింది. ఎన్నోసార్లు జారింది. ఒకసారికీ ఇంకోసారికీ మధ్య ఎంత కాలం గడిచిందో! అంత కాలానికి నా పుస్తకంలో చోటు లేదు. అందుకని జారనే లేదని రాశాను."

బయట గాలి లేచింది. చాన్నాళ్లకి తడి మట్టి వాసన.

"లేవండి," అంది ఆమె. "పెద్దాయన ఇంటికి పోదాం."

మర్నాడే మందిరంలో పుస్తకం చదివి వినిపించే రోజు. 'మొదటి వారం' కొత్తగా అచ్చయి వచ్చింది. మందిరానికి వచ్చేవాళ్లందరి ముందూ రాళ్లాయన మూడో రోజు అధ్యాయం చదవాలి. పెద్దాయన తన ఇంట్లో కుర్చీలు లెక్కపెట్టిస్తూ హడావుడిగా ఉన్నాడు. రాళ్లాయన తడబడుతూ చెప్పిందంతా విన్నాడు. కోప్పడలేదు. ఆయన కోప్పడి ఉంటే బాగుండేదని ఆమెకి తర్వాత అనిపించింది.

"పగుళ్లు రాని గోడేదయ్యా?" అన్నాడు మెల్లగా. "మా ఆవిడని ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నప్పుడు ఆవిడ చేతిలో ఉన్నది మీ పుస్తకమే. కొండని నిలిపినవాడు నన్ను నిలపడా అంది. ఇవాళ మీరొచ్చి ఆ మాట తప్పంటే, ఇక ఆవిడ ఏం పట్టుకోవాలి?"



"మీ చెయ్యి పట్టుకుంటుంది," అంది ఆమె.

పెద్దాయన ఆమె వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "సరేనమ్మా. మీ తృప్తి కోసం రేపు పిల్లల్ని వెనక గదిలో కాకుండా వసారాలో కూర్చోబెడదాం. చదువు కానివ్వండి. తర్వాత తీరిగ్గా మాట్లాడదాం."

దారిలో భర్త అన్నాడు, "రేపు చదవను. చదవడానికి లేచి చెప్పేస్తాను."

రేపు అన్న మాట ఆయన నోట వినగానే ఆమెకి బాకీ రాయి గుర్తొచ్చింది.

తెల్లారేసరికి వాన పట్టుకుంది. ఉరుము లేదు, మెరుపు లేదు, ఊరంతా తడి దుప్పటి కప్పినట్టు ఒకటే ధార. ఆమె మందిరానికి చేరేసరికి అప్పటికే నిండిపోయింది. కొత్త పుస్తకాల కట్టలు వేదిక ముందు అరుగులా పేర్చి ఉన్నాయి. వసారాలో పిల్లలు లేరు.

"పిల్లలేరీ?"

"జల్లు కొడుతోంది వదినా, తడిసిపోరూ!" అంది పెద్దాయన భార్య. "నేనే వెనక గదిలోకి పంపాను. మీ అమ్మాయి ఉందిగా. చప్పుడు కాకుండా తలుపు వేసుకోమన్నాను."

ఆమె వెనక గోడ దగ్గరికి వెళ్లబోయింది. దారి లేదు. అందరూ మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నారు. అక్కడినుంచే గోడ చూసింది. పగులు ఇటువైపుకీ వచ్చేసింది. నీలి అక్షరాల మధ్యగా దిగి 'కదలలేదు'ని రెండు ముక్కలు చేసింది. దాని మీద అడ్డంగా చివరి గాజు పట్టీ, దీపం వెలుగుకి మెరుస్తూ. ఆయన పొద్దున్నే వచ్చి పెట్టి ఉంటాడు. ఇంకొక్కసారి అడగడానికి.

రాళ్లాయన వేదిక ఎక్కాడు. పుస్తకం తెరిచాడు. చెప్పేస్తాడని ఆమె అనుకుంది. ఆయన జనం వైపు చూశాడు. ముందు వరసలో చేతులు జోడించుకుని కూర్చున్న పెద్దాయన భార్యని చూశాడు. చదవడం మొదలుపెట్టాడు.

"మూడో రోజున నీళ్లు ఒకచోటికి చేరాయి. ఆరిన నేల..."

టిక్.

చిన్న చప్పుడు. గాజులేసుకున్న పిల్ల చెయ్యి తిప్పినంత చప్పుడు. ఆ వానలో ఎవరూ వినలేదు. విన్నవాళ్లిద్దరే, ఆయనా ఆమే. ఆయన వాక్యం నడుమ ఆగిపోయాడు.

"లేవండి," అన్నాడు. "నేను రాసింది తప్పు. అందరూ లేచి రోడ్డు మీదికి వెళ్లండి. కొండ కదులుతోంది."

ఎవరూ కదల్లేదు. ఎంత వినయమో చూడు అన్నట్టు కొందరు తలలూపారు. ఇది చదువులో భాగమేమో, ఇప్పుడు కొండ గొప్పతనం చెప్తాడేమో అని ఎదురుచూశారు. వెనకనుంచి ఎవరో భక్తిగా అందుకున్నారు, "ఆ రోజున నిలిపినది మళ్లీ కదలలేదు!" మందిరమంతా ఆ వాక్యాన్ని తిరిగి పలికింది. ఆయన రాసిన మాట, ఆయన ముఖానికే, అన్ని గొంతులతో. ఆయన నోరు తెరుస్తూ మూస్తూ నిలబడిపోయాడు. నీళ్లలోంచి తీసిన చేపలా.

ఆమె వాళ్లకి ఏమీ చెప్పలేదు. మనుషుల్ని తోసుకుంటూ, కాళ్లు దాటుకుంటూ వెనక తలుపు దగ్గరికి వెళ్లి నెట్టింది. రాలేదు. రెండు చేతులా నెట్టింది. "తమ్ముడూ!" అని అరిచింది. ఆ ఒక్క కేకకి మందిరం నిశ్శబ్దమైపోయింది. ఆవిడ గొంతు పెంచడం అక్కడెవరూ ఎన్నడూ వినలేదు.

మేస్త్రి వచ్చి భుజం ఆనించాడు. అతనూ ఇంకో ఇద్దరూ నెడితే తలుపు కిర్రుమని జానెడు తెరుచుకుంది. అక్కడే బిగుసుకుపోయింది. సందులోంచి కూతురి ముఖం కనిపించింది, సున్నం రాలి తెల్లగా.

"అమ్మా, గోడ లోపలికి వస్తోంది," అంది. అరవలేదు. పిల్లలు బెదురుతారని కాబోలు, మామూలుగానే అంది.

"పిల్లల్ని ఇవ్వు. ఒక్కొక్కర్నీ పక్కకి తిప్పి ఇవ్వు."

సన్నటి సందులోంచి పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు, చెవులు ఒరుసుకుంటూ, చొక్కాలు చిరుగుతూ. బయటికొచ్చిన పిల్లని తల్లి చూసింది, లాక్కుని వాకిట్లోకి పరిగెత్తింది. ఆ తల్లి వెనక భర్త, అతని వెనక అతని తల్లి. పుస్తకం రాసినాయన మాటకి లేవని జనం పిల్లల ఏడుపుకి లేచారు. కుర్చీలు పడ్డాయి. కొత్త పుస్తకాల కట్టలు తెగి కాళ్ల కింద పరుచుకున్నాయి.

పిల్లలంతా వచ్చేసరికి ఆ జానెడు సందు బెత్తెడైంది. దూలం కుంగుతోంది, చట్రం మూసుకుంటోంది. కూతురు వెనక్కి వెళ్లి ఏదో తెచ్చి సందులో నిలువునా దూర్చింది. బాకీ రాయి. చట్రం దాని మీదికి వచ్చి ఆగింది. కర్ర ఫెళ్లుమంది గానీ రాయి చెదరలేదు.

"బావా, ఆ బల్ల!" అని మేస్త్రి కేకేశాడు. రాళ్లాయన అప్పటికే వేదిక మీది పొడవాటి బల్లని ఈడ్చుకొస్తున్నాడు. దాని కొన సందులో పెట్టి ఇద్దరూ వేలాడారు. "ఇంకా! నీ బరువంతా వెయ్యి బావా! ఇన్నాళ్లూ రాసి రాసి కూర్చుని పెంచావుగా!" మేస్త్రి ఏడుస్తూనే తిట్టాడు. తలుపు పై మూల చీలి ఊడిపోయింది. కూతురు పక్కకి తిరిగి, జుట్టు మేకుకి తెగిపోతున్నా ఆగకుండా ఇవతలికి వచ్చి పడింది. రాయి కూతురి కాళ్ల దగ్గర దొర్లింది. అలవాటు కొద్దీ తీసుకుంది.

రోడ్డు మీద జనమంతా వానలో నిలబడి ఉన్నారు. మందిరం అలాగే ఉంది. కొండా అలాగే ఉంది. వాన తప్ప మరో చప్పుడు లేదు. కాసేపటికి ముఖాలు చూసుకోవడం మొదలైంది.

"ఏదయ్యా?" అన్నాడు పెద్దాయన. నీళ్లు ముఖం మీదుగా కారుతున్నాయి. "నీ కొండ ఎక్కడికీ పోలేదే? తలుపు పట్టేస్తే ఇంత యాగీ చేస్తావా?" చెప్పుల కోసం, గొడుగుల కోసం కొందరు లోపలికి బయల్దేరారు.

రాళ్లాయన గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. "నా మాట నమ్మొద్దు," అన్నాడు. "ఇన్నాళ్లూ నమ్మింది చాలు. కానీ నన్ను తొక్కితే గానీ లోపలికి వెళ్లలేరు."

అప్పుడు తీగ తెగింది. కొరడా ఝళిపించినట్టు గాల్లో ఒక్క చరుపు. తర్వాత వచ్చింది పెద్ద మోత కాదు. చాలామంది మోత విన్నామని తర్వాత చెప్పుకున్నారు గానీ, ఆమె విన్నది మూలుగు. కొండ మీది చెట్లు నిలువునా నిలబడే, మనుషులు నడిచినట్టు, కిందికి నడిచి వచ్చాయి. మందిరం వెనక గోడ పొంగి ముందుకి వంగింది. నీలి అక్షరాలు ఒకదానికొకటి దూరంగా జరిగాయి. గుమ్మంలోంచి బంకమట్టి మెల్లగా, నున్నగా, తొందరేమీ లేనట్టు బయటికి వచ్చింది. దాని మీద తేలుతూ పుస్తకాలు, చెప్పులు. రాళ్లాయనని వెనక్కి లాగింది పెద్దాయనే. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు.

అందరూ వీధి చివర పాత గోదాము పంచన చేరారు. పేర్లు పిలిచి చూసుకున్నారు. అందరూ ఉన్నారు. పెద్దాయన భార్య వణుకుతూ రాళ్లాయన దగ్గరికి వచ్చింది.

"మరి మూడో రోజున దేవుడు ఏం నిలిపినట్టు?" అని అడిగింది. నిష్ఠూరంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే.

"నాకు తెలీదమ్మా," అన్నాడు ఆయన. "తెలిసినట్టు రాశాను."

ఆవిడ తలాడించి భర్త పక్కకి వెళ్లి కూర్చుని, ఆయన చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

ఆమె భర్తకి పక్కగా కూర్చుంది. ఆయన చేతులు మోచేతుల దాకా బురద. కొండ వైపునుంచి ఏదో జారుతున్న చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది, ఆగి, మళ్లీ మొదలై. పైన మిగిలింది ఎప్పుడు వస్తుందో ఆయనకి తెలుసా అని అడగబోయి మానేసింది. కూతురు వచ్చి వాళ్ల ముందు కూర్చుంది. నుదుటి దగ్గర జుట్టు ఊడినచోట రక్తం చారలు కట్టింది. చేతిలో రాయి. కొంగుతో తుడిచి, మాటామంతీ లేకుండా తండ్రి అరచేతిలో పెట్టింది.

ఆయన దాన్ని వాన వెలుగులోకి తిప్పాడు. ఆకు అచ్చు తడిసి నల్లగా, నిన్న రాలినట్టు ఉంది. అంచుని బొటనవేలితో రుద్దాడు, నాలుక కొనకి తగిలించాడు. ఆమె ఆయన ముఖమే చూస్తోంది. రేపు అంటాడేమోనని.

"రెండు కోట్ల ఏళ్లు దాటి ఉంటుందమ్మా," అన్నాడు. మాట వంకర పోలేదు. "ఎంత దాటిందో కచ్చితంగా చెప్పలేను. రెండు కోట్లకి తగ్గదు."

పక్కన పెద్దాయన ఆ మాట విన్నాడు.

కూతురు ఆ అంకెని పెదవులతో ఒకసారి అనుకుని చూసుకుంది. "ఇంత చిన్న మాటకి ఇన్నాళ్లా నాన్నా!" అంది. కళ్లు తుడుచుకుని రాయి వెనక్కి తీసుకుంది. "సరే. తీరిపోయింది."